దర్వాజా బయటి పేట

కువైట్ పాతపట్నం చుట్టూ 1920లో లేపిన మట్టిగోడకు ఐదు దర్వాజాలు ఉండేవి. తూర్పు కొసన, సముద్రానికి చేరువగా ఉన్న దర్వాజాకు రెండు పేర్లు. లోపలి వైపు దస్మాన్ రాజభవనం ఉంది కాబట్టి దస్మాన్ దర్వాజా అన్నారు. బయటి వైపు బ్నీద్ అల్ గార్ ఉంది కాబట్టి బ్నీద్ అల్ గార్ దర్వాజా అనీ అన్నారు. పాలకుడు ఉండే చోటికీ, తన పేరులోనే తారును మోసే చోటికీ మధ్య ఒకటే గుమ్మం. గోడను 1957లో పడగొట్టి దర్వాజాలను గుర్తుగా మిగిల్చారు. గోడ సాగిన దారినే ఇప్పుడు ఫస్ట్ రింగ్ రోడ్డు సాగుతోంది. రోజూ ఆ రోడ్డు దాటేవాళ్ళకు మాత్రం ఒక చిన్న సంగతి గుచ్చుకుంటూనే ఉంటుంది. అటు పక్క గాజు మేడలు, బ్యాంకులు, పొద్దుగూకేసరికి ఖాళీ అయ్యే ఆఫీసులు. ఇటు పక్క గోడలకు ఏసీ పెట్టెలు వేలాడే అపార్టుమెంట్లు, కిటికీల్లో ఆరేసిన బట్టలు, మెట్ల కింద చెప్పుల జతలు, ఒక్కో అంతస్తు నుంచి ఒక్కో దేశపు తాలింపు వాసన. కూల్చేసి డెబ్బై ఏళ్ళు కావస్తున్న గోడ ఇంకా పని చేస్తూనే ఉందా? పేట చరిత్ర చూస్తే ఆ అనుమానం మరీ గాలికబురేమీ కాదనిపిస్తుంది. పట్నానికి తప్పనిసరైనవీ, పట్నం తన లోపల పెట్టుకోనివీ చాలాకాలంగా ఈ దర్వాజా బయటే చేరుతూ వచ్చాయి.

బ్నీద్ అల్ గార్ రాజధాని గవర్నరేట్‌లో చిన్న పేట. పడమర ఫస్ట్ రింగ్ రోడ్డు, దాని ఆవల దస్మాన్, షర్ఖ్. సముద్రం వైపు అరేబియన్ గల్ఫ్ స్ట్రీట్. లోపలి వైపు దస్మా, ఇంకాస్త దక్షిణాన దయ్యా. అదే గల్ఫ్ రోడ్డు పట్టుకుని దక్షిణానికి పోతే దయ్యాలోని రాయబార కార్యాలయాల వరుసలో భారత రాయబార కార్యాలయం కూడా తగులుతుంది. పాస్‌పోర్టు పని పడ్డ ప్రతి తెలుగువాడికీ ఆ దారి తెలుసు. ఎదురుగా కనిపించే నీరు కువైట్ అఖాతం. లోతు తక్కువ, ఆటుపోట్ల తేడా ఎక్కువ. పోటు మీదున్నప్పుడు రోడ్డంచు రాళ్ళను కొట్టే నీరు, ఆటు సమయానికి చాలా దూరం వెనక్కి పోయి బురదా రాళ్ళూ బయటపెడుతుంది. నేల ఎక్కడా ఎత్తుపల్లాలు లేని చదును. వాన ఏడాదికి పది పన్నెండు సెంటీమీటర్లు. కరువుకు పేరుపడ్డ అనంతపురంలో అంతకు నాలుగైదు రెట్లు కురుస్తుంది. ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2016 జూలై 21న ఇదే దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయ్యాయి. సముద్రపు ఒడ్డున అంత మండకపోయినా, గాలిలో తేమ చేరిన ఆగస్టు రాత్రుల్లో చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు పదకొండు నుంచి నాలుగింటి వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. అది ఉందని తెలిసేది కూడా ఎక్కువగా ఆ గంటల్లో నీడ వెతుక్కునేవాళ్ళకే.

పేరులోని గార్ అంటే తారు. చమురు బావి అన్న ఊహే లేని రోజుల్లో కూడా ఈ దేశంలో తారు ఉంది. దక్షిణాన బుర్గాన్ గుట్ట దగ్గర అది తనంతట తానే నేలలోంచి ఊరి, పైకి వచ్చి గడ్డకట్టేది. అఖాతానికి ఉత్తరపు గట్టున, సుబియాలో పురావస్తు శాఖవాళ్ళు తవ్విన ఒక పాత నివాసంలో తారు పెళ్ళలు దొరికాయి. ఒక వైపు రెల్లు మోపుల అచ్చు, మరో వైపు సముద్రపు జీవులు అతుక్కున్న గుర్తులు. అంటే రెల్లుతో కట్టి, నీరు చొరకుండా తారు పూసి, సముద్రంలో తిప్పిన పడవ ముక్కలు అవి. వయసు సుమారు ఏడు వేల ఏళ్ళు. సముద్రంలో తిరిగిన పడవల ఆనవాళ్ళలో ప్రపంచం మొత్తం మీద అతి పాతవాటి సరసన వీటిని చెబుతారు. ఆ తారును రసాయన పరీక్ష చేస్తే బుర్గాన్ ఊటదేనని తేలింది. ఈ ఒక్క సంగతి దగ్గర కాస్త ఆగాలి. కువైట్ చరిత్ర అనగానే చమురుకు ముందు, చమురుకు తర్వాత అని రెండు ముక్కలు చేయడం అందరికీ అలవాటు. ముందు పేదరికం, తర్వాత వైభవం. కానీ నేలలోంచి వచ్చే ఆ నల్లటి పదార్థంతో ప్రయాణాలు సాగించడం అక్కడివాళ్ళకు నిన్న మొన్నటి విద్య కాదు. దాన్ని అమ్ముకోవడం ఒక్కటే కొత్త.

తారు పూసిన పడవ ఎక్కడికి పోయేది? ఎక్కువగా మన వైపుకే. కువైట్‌లో చెట్టు లేదు, పడవకు టేకు కావాలి, టేకు మలబారులో ఉంది. బస్రా ఖర్జూరం నింపుకుని గాలివాటున బయలుదేరిన పెద్ద పడవలు కరాచీ, బొంబాయి మీదుగా కేరళ రేవులకు చేరి, కలప, తాళ్ళు, బియ్యం, మసాలాలు ఎత్తుకుని గాలి మళ్ళాక తిరిగొచ్చేవి. తాగే నీరు కూడా పడవల మీదే వచ్చేది. షత్ అల్ అరబ్ నదిలో తొట్లు నింపుకుని తెచ్చి ఒడ్డున అమ్మేవారు. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్రభుత్వ కర్మాగారం 1953లో మొదలయ్యేదాకా పట్నం దాహం ఆ పడవల దయ మీదే ఉండేది. డబ్బు కూడా మనదే. 1959 దాకా మామూలు భారతీయ రూపాయి, ఆ తర్వాత గల్ఫ్ కోసమని ప్రత్యేకంగా అచ్చువేసిన రూపాయి, 1961లో సొంత దీనార్ వచ్చేదాకా చెల్లుబాటయ్యాయి. తెలుగు తీరానికి ఈ అఖాతంతో నేరుగా ఎంత లావాదేవీ ఉందో చెప్పలేం గానీ, పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం అద్దకపు బట్టలు గోల్కొండ ఓడల మీద పర్షియా రేవులకు వెళ్ళిన మాట మాత్రం వాస్తవం. ఇప్పుడు కడప కుర్రాడు వీసా కాగితం పట్టుకుని విమానం ఎక్కుతుంటే, వెనకటికి అటువాళ్ళే ఇటు బతుకుతెరువుకు వచ్చేవాళ్ళని ఎవరికైనా గుర్తుంటుందా? రెండు వైపులా ఉండదు.

బుర్గాన్‌లో చమురు పడింది 1938 ఫిబ్రవరిలో. యుద్ధం అడ్డొచ్చి, మొదటి ఓడ చమురుతో బయలుదేరింది 1946 జూన్ 30న. తర్వాత పట్నం మారిన వేగం ఇటుక ఇళ్ళు కూడా నెమ్మదిగా లేచే మన ఊళ్ళవాళ్ళకు ఊహకందదు. 1952లో లండన్ నుంచి వచ్చిన మినోప్రియో, స్పెన్స్‌లీ, మాక్‌ఫార్లేన్ సంస్థ నగరానికి ప్లాను గీసింది. పాత గోడ గీతే మొదటి వలయం. దాని చుట్టూ చెరువులో రాయి వేసినట్టు రెండో వలయం, మూడోది, నాలుగోది. వలయాల మధ్య బడి, మసీదు, జమియా అనే సహకార దుకాణం, దవాఖానాతో ఒక్కో నివాస పేట. పాతపట్నంలోని మట్టి ఇళ్ళను ప్రభుత్వం మంచి ధరలిచ్చి కొని, సొంత పౌరులను ఆ కొత్త పేటల్లోకి పంపింది. పక్కనే ఉన్న దస్మా, దయ్యా అలా పుట్టినవే. వరుసగా విల్లాలు, ఇంటికో కుటుంబం, కుటుంబానికి నాలుగు కార్లు. బ్నీద్ అల్ గార్‌లో అలాంటి సమానమైన వరుసలు కనిపించవు. నివాస స్థలాల లెక్కలో కువైట్ రెండు రకాలు చెబుతుంది: పౌరులు సొంతానికి కట్టుకునే ఇళ్ళ పేటలు, అద్దెకిచ్చే భవంతుల పేటలు. రెండో దానికి అక్కడి మాట ‘ఇన్వెస్ట్‌మెంట్’ ప్రాంతం. సాల్మియా, హవల్లీ లాగే బ్నీద్ అల్ గార్ కూడా ఆ జాబితాలోదే. ఆ ఒక్క మాట చాలు, పేట స్వభావం మొత్తం చెప్పడానికి. అక్కడ ఉండేవాళ్ళు వేరు, అక్కడ ఉన్నది ఎవరిదో వాళ్ళు వేరు.

అలాగని పేదల వాడ అనుకుంటే పొరపాటు. సముద్రపు ఒడ్డు, పట్నానికి కూతవేటు దూరం కావడంతో పెద్ద హోటలూ, అమెరికా రాయబార కార్యాలయమూ ఇక్కడే వెలిశాయి. పేట అంచున రాస్ అజూజా కొస మీద స్వీడన్ రూపశిల్పుల నమూనాతో లేచిన కువైట్ టవర్స్‌ను 1979 మార్చి 1న తెరిచారు. పెద్దదాని ఎత్తు 187 మీటర్లు. చూసేవాళ్ళకు అవి నీలి పళ్ళేలు అద్దిన గోళాలు. నిజానికి రెండు టవర్లు నీళ్ళ ట్యాంకులు, ఒక్కొక్కదానిలో 4,500 ఘనపు మీటర్లు పడుతుంది. దాహం తీర్చే తొట్టినే దేశపు ముఖచిత్రం చేసుకోవడంలో ఒక నిజాయితీ ఉంది. 1983 డిసెంబరు 12న పేలుడు పదార్థాల లారీ ఒకటి అమెరికా రాయబార కార్యాలయంలోకి దూసుకొచ్చింది. ఏడేళ్ళకు, 1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సైన్యం దస్మాన్ భవనం మీదికి వచ్చింది. అమీర్ తమ్ముడు షేక్ ఫహద్ అల్ అహ్మద్ అక్కడే పోరాడి చనిపోయాడు. రాయబార కార్యాలయాలన్నీ మూసేయమని ఆక్రమణదారులు హుకుం జారీ చేస్తే, అమెరికావాళ్ళు కొద్దిమంది బ్నీద్ అల్ గార్ ఆవరణలోనే డిసెంబరు దాకా బిగదీసుకు కూర్చున్నారు. కరెంటూ నీళ్ళూ కోసేస్తే లోపలే బావి తవ్వుకున్నారు. ఒక్క చుక్క మంచినీరు ఊరదని పేరుపడ్డ పట్నంలో, సముద్రానికి పక్కనే, ఆ బావి నీళ్ళతో నెట్టుకొచ్చారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో వెనక్కి పోతూ ఇరాకీలు ఆరు వందలకు పైగా చమురు బావులు తగలబెట్టారు. నవంబరు 6న చివరి బావిని ఆర్పేదాకా నెలల తరబడి పట్టపగలే దీపాలు పెట్టుకోవాల్సిన రోజులు ఉన్నాయి. మసీ చమురూ ఇసుకతో కలిసి ఎడారిలో మైళ్ళకు మైళ్ళు తారు పొరగా గడ్డకట్టాయి. రాయబార కార్యాలయం తర్వాత బయాన్‌కు తరలిపోయింది. 

తెలుగువాళ్ళ కథ ఈ మధ్యలో ఎక్కడో మొదలవుతుంది. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరగడంతో కువైట్‌కు చేతులు కావాల్సి వచ్చాయి. పూర్వపు కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు, పుల్లంపేట, చిట్వేలు, ఇటు గోదావరి జిల్లాల్లో రాజోలు, అమలాపురం, నరసాపురం వైపు ఊళ్ళు వరుసగా కదిలాయి. ఈ ఊళ్ళే ఎందుకు? కడప సంగతి కరువుతో చెప్పేయొచ్చు. బావులెండిన చేలు, ఇంకిపోయిన చెరువులు. మరి కోనసీమకు కరువేమిటి? కాలువ నీళ్ళు పారే చోట భూమి లేనివాళ్ళ కరువు అది, ఎక్కువగా ఆడవాళ్ళ భుజాల మీద దాటినది. ఇంటిపనికి వెళ్ళిన ఒక అక్క, తర్వాత తన చెల్లెలిని, ఆ తర్వాత మరిదిని పిలిపించుకుంటుంది. వలస ఊళ్ళను పట్టి కాక చుట్టరికాలను పట్టి పాకింది. రాజంపేట, కోడూరు మీదుగా పోయే రైలు పట్టాలు ఒక పక్క మద్రాసునూ మరో పక్క బొంబాయినీ కలుపుతాయి. బొంబాయి నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ కరాచీ, మస్కట్, దుబాయ్, బహ్రెయిన్ ఆగుతూ కువైట్ చేరేది. ఆ వరుసలో చివరి ఓడ ద్వారక 1982 దాకా తిరిగింది. ఆ దారి వలసను పుట్టించలేదు, తేలిక మాత్రం చేసింది. 1990లో అదంతా ఒక్కసారిగా వెనక్కి మళ్ళింది. బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి అమ్మాన్ చేరిన 1,70,000 మందికి పైగా భారతీయులను ఎయిర్ ఇండియా దాదాపు రెండు నెలల్లో 488 విమానాల మీద తీసుకొచ్చింది. ఏళ్ళ సంపాదన బ్యాంకుల్లో ఇరుక్కుపోయి చేతిసంచితో దిగినవాళ్ళు వాళ్ళలో ఎందరో. ఊరికి వచ్చి ఇక పోమని ఒట్టేసుకున్నవాళ్ళే, కువైట్ విడుదలయ్యాక మళ్ళీ ఏజెంటు ఇంటి ముందు నిలబడ్డారు.

బ్నీద్ అల్ గార్‌లో తెలుగువాడి బతుకు ఒక రూముతో మొదలవుతుంది. అది నిజానికి ఒక గదిలో ఒక మంచం. అద్దె పంచుకోవాలి, వంట వంతులేసుకోవాలి, కింద హారీసుతో, అంటే భవంతి కాపలాదారుతో సఖ్యంగా ఉండాలి, నెలాఖరుకు బకాలా అనే కిరాణా కొట్లో ఖాతా తీర్చాలి. అందరూ ఇలా రూముల్లో ఉండరు. ఎక్కువమంది ఆడవాళ్ళు, డ్రైవర్లు, వంటవాళ్ళు ఖఫీల్ ఇంట్లోనే, అంటే వీసా ఇచ్చిన యజమాని ఇంట్లోనే ఉంటారు. వాళ్ళకు పేట అంటే సెలవు రోజున వెళ్ళే చెల్లెలి రూము, ఊరి మాట వినిపించే నాలుగు గోడలు. 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్ళకు రోజుకు పన్నెండు గంటలకు మించని పని, వారానికి ఒక సెలవు, ఏడాదికి జీతంతో ముప్పై రోజుల విరామం, మానేసేటప్పుడు ఏడాదికో నెల జీతం ఇవ్వాలని రాసింది. గల్ఫ్ దేశాల్లో అలాంటి చట్టం చేసినవాళ్ళలో కువైట్ ముందుంది. చట్టం ఇంటి గడప దాటి లోపలికి ఎంతవరకు వెళుతుందన్నది ఇంటినిబట్టి ఉంటుంది. మంచి ‘బాబా’, అంటే మంచి ఇంటి యజమాని దొరికితే ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఆ ఇంటి పిల్లలను పెంచి, పెళ్ళిళ్ళు చూసి వచ్చిన ఆడవాళ్ళు కోనసీమ ఊరూరా ఉన్నారు. దొరకనివాళ్ళు గోడ దూకుతారు. అలా కాగితాలు లేకుండా పోయినవాణ్ణి ‘ఖల్లివల్లి’ అంటారు. ఆ మాటలో కాస్త జాలి, కాస్త వెక్కిరింత, కాస్త అసూయ కూడా ఉంటాయి. 2018లో, 2020లో, 2024లో కువైట్ ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడు జరిమానా లేకుండా ఇంటిదారి పట్టినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది.

ఇక రాకపోకలు. ఈ దేశంలో రైలు లేదు. మెట్రో గురించి ఏళ్ళుగా మాట్లాడుతున్నారు, గల్ఫ్ దేశాలన్నిటినీ కలిపే రైలు గురించి కూడా. వేసిన పట్టా ఒక్కటీ లేదు. ఉన్నదంతా తారు రోడ్డే, దాని మీద కారే. పెట్రోలు చవక, రోడ్లు వెడల్పు, నడిచేవాడి గురించి ఎవరూ పెద్దగా ఆలోచించినట్టు కనబడదు. పేటకు మూడు వైపులా పెద్ద రోడ్లే కావడంతో కళ్ళెదుట కనిపించే చోటికి కూడా చుట్టు తిరిగి పోవాల్సి వస్తుంది. బస్సులు ఉన్నాయి. ప్రభుత్వ రవాణా సంస్థ కేపీటీసీని 1962లో పెట్టారు, సిటీబస్, కేజీఎల్ తర్వాత వచ్చాయి. వాటిలో కువైటీ ముఖం కనబడటం అరుదు. తెలుగు, మలయాళం, బంగ్లా, తగలాగ్, నేపాలీ కలిసి ఒక్క ఏసీ కింద ప్రయాణిస్తాయి. వింత ఏమిటంటే, ఆ బస్సులో నిలబడ్డవాళ్ళలో చాలామంది డ్రైవర్లే. విదేశీయుడికి సొంత లైసెన్సు కావాలంటే ఆరు వందల దీనార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ళ నివాసం చూపాలని నిబంధన పెట్టారు. డ్రైవర్ వీసా మీద వచ్చినవాడికి ఆ లెక్కలు అడ్డురావు, ఉద్యోగం కోసం లైసెన్సు ఇస్తారు. వారమంతా ఖఫీల్ ఇంటి పిల్లలను బడికీ, ఇంటి యజమానురాలు ‘మామా’ను మాల్‌కూ పెద్ద జీపులో తిప్పినవాడు, శుక్రవారం తన పని మీద బయలుదేరినప్పుడు చిల్లర ఫిల్సులు లెక్కపెట్టుకుని బస్సెక్కుతాడు. బండి నడపడం వచ్చు, బండి ఉంది, దారి తెలుసు. అయినా అది తన ప్రయాణం కాదు.

శుక్రవారం బస్సు సాధారణంగా పోయేది పట్నం నడిబొడ్డుకు, మిర్గాబ్ బస్ స్టాండు వైపుకు. అక్కడికి దగ్గర్లోనే మాలియా. కడప, గోదావరి జిల్లాలవాళ్ళ వారపు కూడలి అది. డబ్బు పంపాలన్నా, ఊరి నుంచి వచ్చినవాళ్ళ చేతి పచ్చడి అందుకోవాలన్నా, పెళ్ళి సంబంధం మాట కలపాలన్నా, పని మారాలన్నా అక్కడికే. బ్నీద్ అల్ గార్ నుంచి చలికాలంలోనైతే నడిచి కూడా పోవచ్చు, ఫస్ట్ రింగ్ రోడ్డు దాటి, ఒకప్పటి గోడ దాటి పాతపట్నం లోపలికి. వెనకటి రోజుల్లో పొద్దుగూకితే దర్వాజాలు మూసేవారు, బయటివాళ్ళు బయటే ఉండిపోవాలి. ఇప్పుడు మూసే తలుపులేమీ లేవు. పదింటికి ఇంటికి చేరమన్న బాబా మాటా, మరునాటి డ్యూటీ టైమూ, ఇఖామా అనే నివాస అనుమతి గడువూ ఉన్నాయి.

ఇంటికి దారి ఇప్పుడు విమానమే. విమానాశ్రయం పట్నానికి దక్షిణాన, ఫర్వానియా వైపు. అక్కడి నుంచి చెన్నైకో హైదరాబాద్‌కో సుమారు అయిదు గంటలు. విజయవాడకు కూడా నేరుగా విమానం మొదలయ్యాక గోదావరి జిల్లాలవాళ్ళకు ఒక రాత్రి ప్రయాణం తగ్గింది. కోడూరు, రాజంపేటవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా చెన్నైలో దిగి, కారు మాట్లాడుకునో రైలెక్కో పాత మద్రాసు దారినే ఇల్లు చేరతారు. తూకం దాటిన సామాను విమానంలో పోదు. పాలపొడి డబ్బాలు, టాంగ్, గొడ్డలి తైలం సీసాలు, రెండు మూడు దుప్పట్లు, కూతురికి కొన్న మిక్సీ అట్టపెట్టెలో సర్ది, నాలుగు వైపులా టేపు చుట్టి, పైన పెద్ద అక్షరాలతో ఊరూ పేరూ రాసి కార్గో ఆఫీసులో ఇస్తారు. తొందర ఉన్నవాళ్ళు ఎయిర్ కార్గో వేస్తారు. చవకగా కావాలనుకున్నవాళ్ళు సీ కార్గో. అలా వేసిన పెట్టె కంటైనర్లో చేరి, అదే అఖాతం దాటి, అదే అరేబియా సముద్రం మీదుగా భారతదేశపు రేవుకు వచ్చి, కస్టమ్స్ దాటి, లారీ ఎక్కి ఊరు చేరడానికి వారాలు పడుతుంది. కొన్నిసార్లు మనిషే ముందు వచ్చి, సెలవు అయిపోయి, పెట్టె అందకుండానే తిరిగి వెళ్ళిపోతుంటాడు.